చక్రాల పెట్టె పిడి, చంటిపిల్ల వేలు

ముందుగా ఒక చప్పుడు వినిపిస్తాను. నోటితోనే చేస్తాను, నవ్వుకోకండి. సర్‌ర్‌ర్... టక్. మళ్లీ ఒకసారి. సర్‌ర్‌ర్... టక్.

గుర్తుపట్టారా? చక్రాల సూట్‌కేసు పిడిని పైకి లాగినప్పుడు వచ్చే చప్పుడు అది. సంక్రాంతి ముందు రాత్రుల్లో తాడేపల్లిగూడెం స్టేషన్‌లో నిలబడితే ఇంకేమీ వినపడదు. హైదరాబాదు నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్ వచ్చి ఆగుతుంది. పెట్టెలు ముందు దిగుతాయి, మనుషులు వెనక దిగుతారు. దిగీదిగగానే ప్లాట్‌ఫారం పొడుగునా ఇదే పాట. సర్‌ర్... టక్. మా చిన్నప్పుడు ఇదే ప్లాట్‌ఫారం మీద వినపడింది వేరు. ఎర్రచొక్కా పోర్టరు, నెత్తిన ట్రంకుపెట్టె, భుజాన హోల్డాలు, "తప్పుకోండి బాబూ, తప్పుకోండి" అన్న కేక.

ఇవాళ ఆ పిడి గురించి మాట్లాడతాను. పెట్టె గురించి కాదు, చక్రాల గురించీ కాదు. లాగితే పైకి వచ్చి, నొక్కితే లోపలికి దూరిపోయే ఆ పిడి గురించి. ఇంత చిన్న వస్తువు మీద పావుగంట ప్రసంగమా అనుకుంటున్నారేమో. మా ఇంట్లో జరిగింది చెబితే అలా అనుకోరు.

మాది పెంటపాడు. పాలిటెక్నిక్‌లో కుర్రాళ్లకి మెకానికల్ పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పోయిన సంక్రాంతికి మా అమ్మాయి, అల్లుడు, మనవరాలు వచ్చారు. పిల్లకి మూడేళ్లు. ఆటోలోంచి సామాను దించి హాల్లో పెట్టారు. పిల్ల పెట్టె చుట్టూ తిరుగుతోంది. మా అమ్మాయి వాళ్లమ్మతో మాట్లాడుతూ, అటు చూడకుండానే, అరచేత్తో పిడిని కిందికి నొక్కింది. మీరూ నేనూ అందరం చేసే పనే. ఆ పిడి వచ్చి కూర్చునే గుంటలో పిల్ల చూపుడువేలు ఉంది.

ఎముక విరగలేదు. గోరు నల్లబడింది, కొన్నాళ్లకి ఊడి కొత్తది వచ్చింది. ఆ అరుపు మాత్రం నా చెవుల్లో ఇంకా ఉంది.

తర్వాత జరిగింది వినండి. మా ఆవిడ కూతుర్ని కేకలేసింది, చూసుకోవద్దా అని. కూతురు పిల్లని కసిరింది, అక్కడ చెయ్యెందుకు పెట్టావని. అల్లుడు పెట్టె అక్కడ పెట్టినందుకు తనని తాను తిట్టుకున్నాడు. అందరూ అందర్నీ అన్నారు. పెట్టెని మాత్రం ఎవరూ ఒక్క మాట అనలేదు.

నేను చెప్పదలుచుకున్నది అదే. మూడేళ్ల పిల్ల సందు కనిపిస్తే వేలు పెడుతుంది. పెట్టకపోతేనే డాక్టరుకి చూపించాలి. అలిసిపోయి ఇల్లు చేరిన తల్లి చూడకుండా పిడి నొక్కుతుంది. ఈ రెండూ జరుగుతాయని తెలిసి కూడా వేలు పట్టేంత సందు ఉంచారంటే, తప్పు చేతిది కాదండీ. పిడిది. పిడిని తయారుచేసిన వాళ్లది.

కనుమనాడు కాకైనా కదలదంటారు. కాబట్టి ఆ రోజు వాళ్లు కదల్లేదు, వాళ్ల పెట్టే కదల్లేదు. మధ్యాహ్నం గారెలు తిన్నాక నేను స్క్రూడ్రైవరు తీసుకుని కూర్చున్నాను. పెట్టె లోపలి గుడ్డకి ఒక జిప్పు ఉంటుంది. అది తీస్తే అస్థిపంజరం బయటపడుతుంది.

లోపల ఏముందో చెబుతాను, ఊహించుకోండి. రెండు లావు గొట్టాలు, అల్యూమినియంవి. ఒక్కొక్క దాంట్లో ఒక సన్న గొట్టం. సన్న గొట్టం అడుగున ఒక ప్లాస్టిక్ ముక్క, దాంట్లో చిన్న స్ప్రింగు, స్ప్రింగు కొసన ఒక పిన్ను. లావు గొట్టానికి చిల్లులు. పిడి పైకి వస్తున్నంతసేపూ ఆ పిన్ను గొట్టం గోడకి రాసుకుంటూ వస్తుంది. చిల్లు ఎదురుపడగానే స్ప్రింగు దాన్ని బయటికి తోస్తుంది. టక్. పిడి నిలబడిపోతుంది. పాత గొడుగు కర్రకి ఒక రేకు నాలిక ఉండేది చూడండి, గొడుగు విప్పగానే బయటికి పొడుచుకొచ్చి పట్టుకునేది. ఇదీ అదే తంతు. మళ్లీ దించాలంటే పిడి మీద మీట నొక్కుతాం. గొట్టం లోపలున్న సన్నకడ్డీ కదిలి పిన్నుని చిల్లులోంచి తప్పిస్తుంది. పిడి జారుతుంది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. గొట్టాలు రెండు. అంటే పిన్నులూ రెండే. రెండూ పడాలి. మళ్లీ చెబుతున్నాను, రెండూ పడాలి. ఒకటి పడి ఒకటి పడకపోతే పిడి ఒంటికాలి మీద నిలబడ్డట్టే. దీని దగ్గరికి మళ్లీ వద్దాం.

ఈ పిడి ఎంత పాతదనుకుంటున్నారు? మనిషి చంద్రుడి మీద కాలుపెట్టింది 1969లో. చక్రాల సూట్‌కేసుకి అమెరికాలో పేటెంటు వచ్చింది 1972లో! బెర్నార్డ్ సాడో అనే ఆయన కుటుంబంతో సెలవులకి వెళ్లి, రెండు బరువైన పెట్టెలు మోసుకుంటూ తిరిగొస్తున్నాడు. విమానాశ్రయంలో ఒక పనివాడు పెద్ద యంత్రాన్ని చక్రాల పలక మీద పెట్టి సునాయాసంగా తోసుకుపోతున్నాడు. అది చూసి ఈయనకి తట్టింది. ఆయన పెట్టెకి నాలుగు చిన్న చక్రాలు, లాగడానికి ఒక పట్టీ. మేకపిల్లని తాడు కట్టి లాక్కెళ్లినట్టు లాగాలి. మలుపు తిరిగితే పక్కకి ఒరిగేది. మొదట్లో దుకాణాల వాళ్లు వద్దన్నారు. మగవాళ్లు పెట్టెని లాక్కుంటూ నడుస్తారా, నామోషీ కాదూ అన్నారట.

తర్వాత 1987. రాబర్ట్ ప్లాత్ అని నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో పైలటు. ఆయన పెట్టెని నిలువుగా నిలబెట్టి, అడుగున రెండు చక్రాలు పెట్టి, పైకి సాగే పొడుగు పిడి బిగించాడు. ముందు విమాన సిబ్బందే కొనుక్కున్నారు. వాళ్లు దర్జాగా లాక్కుంటూ పోతుంటే ప్రయాణికులు చూసి, మాకూ కావాలన్నారు. అలా ట్రావెల్‌ప్రో కంపెనీ పుట్టింది. మన సూట్‌కేసులన్నీ ఆ పెట్టెకి వారసులే.

నాకు ఇందులో ఒక సంగతి ముఖ్యం అనిపిస్తుంది. సాడో పట్టీ ఎవరి వేలూ నలపలేదు. పట్టీకి సందు లేదు కదా. నలుగుడు వచ్చింది గొట్టంలో గొట్టం దూరే పిడితోనే. సుఖంతోపాటు ఆ సందు కూడా ఇంటికి వచ్చింది.

తలుపు సందున వేలు పెట్టకు అని మన అమ్మలందరూ చెప్పారు. ఎందుకు? తలుపు తీసి ఉన్నప్పుడు సందు పెద్దది, వేసినప్పుడు మూసుకుపోతుంది. కదిలే సందే ప్రమాదం. మడతమంచం అంతే, మడతకుర్చీ అంతే. వేసవిలో డాబా మీద మడతమంచం వేస్తూ వేలు నలగ్గొట్టుకోనివాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉంటారు చెప్పండి!

సూట్‌కేసు పిడికి అలాంటి సందులు ముఖ్యంగా రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి, పిడి వచ్చి కూర్చునే గుంట. మా మనవరాలి వేలు పడింది అక్కడే. రెండోది, సన్న గొట్టం లావు గొట్టంలోకి దిగే అంచు. అక్కడ వేలు పడదు గానీ అరచేతి చర్మం పడుతుంది. చురుక్కుమంటుంది, చూసుకుంటే రక్తం గడ్డకట్టిన చిన్న పొక్కు. అంచుని గుండ్రం చేసి ఒక ప్లాస్టిక్ కంఠె తొడిగితే అది జరగదు. మంచి పెట్టెలకి ఉంటుంది. చవకరకం పెట్టెల అంచు మీద వేలితో రాసి చూడండి, బ్లేడులా తగులుతుంది.

గుంట సంగతికి వద్దాం. దీనికి మందు లేదా? ఉంది. పిల్లల బొమ్మలు చేసేవాళ్లకి ఎప్పటినుంచో తెలుసు. మడిచే బొమ్మలకి, బందులున్న బొమ్మలకి ఒక నియమం ఉంది. సందులో 5 మిల్లీమీటర్ల కడ్డీ దూరితే, 12 మిల్లీమీటర్ల కడ్డీ కూడా దూరాలి. అర్థం ఏమిటంటే, సందు ఉంటే బలపం కూడా పట్టనంత సన్నగా ఉండాలి. లేకపోతే పెద్దవాళ్ల చిటికెనవేలు పెట్టినా నలగనంత వెడల్పుగా ఉండాలి. మధ్యరకం పనికిరాదు. మధ్యరకం సందే పిల్లల వేళ్లని తింటుంది.

పాటలా చెప్పుకుందాం. వేలు దూరకూడదు. దూరితే నలగకూడదు. మళ్లీ ఒకసారి: వేలు దూరకూడదు, దూరితే నలగకూడదు.

మన దేశంలో 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేశారు. అంటే పది రూపాయల బొమ్మ కూడా పరీక్షకి నిలబడాలి. సూట్‌కేసు బొమ్మ కాదు కాబట్టి ఆ లెక్క దానికి వర్తించదు. కానీ ఇంట్లో పిల్లలున్నచోట సూట్‌కేసుని మించిన బొమ్మ ఏదండీ? ఎక్కి కూర్చుంటారు. లాగమంటారు. పిడిని పైకీ కిందికీ ఆడిస్తారు. రైలు ఆలస్యమైతే గంటసేపు వాళ్లకి అదే ఆట.

ఇదంతా చాదస్తం అనుకోకండి. 2009లో అమెరికాలో మెక్లారెన్ అనే కంపెనీ పిల్లల్ని కూర్చోబెట్టి తోసే మడతబండ్ల మీద పెద్ద ప్రకటన చెయ్యాల్సి వచ్చింది. బండి విప్పేటప్పుడు బందు సందులో పిల్లల వేళ్లు పడ్డాయి. పన్నెండు మంది పిల్లల వేలికొసలు తెగిపోయాయి. దాదాపు 10 లక్షల బండ్లకి మరమ్మతు ఇవ్వాల్సి వచ్చింది. ఆ మరమ్మతు ఏమిటో తెలుసా? బందు మీద కప్పే ఒక తొడుగు. అంతే. ఆ తొడుగేదో ముందే వేసి ఉంటే సరిపోయేది.

ఇక పెద్దవాళ్ల సంగతి. పెద్దవాళ్లకి ప్రమాదం వేలితో కాదు, ఒంటితో.

గన్నవరం విమానాశ్రయంలోనో, శంషాబాద్‌లోనో చూడండి. మన గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కి, దుబాయ్‌కి వెళ్లే ఆడవాళ్లు పొడుగాటి వరసల్లో నిలబడి ఉంటారు. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చుంటారు. కాళ్లు లాగుతుంటాయి. ఏం చేస్తారు? పెట్టె పిడి మీద రెండు చేతులూ ఆనించి వాలతారు. అమెరికాలో కూతురి దగ్గరికి బయల్దేరిన అమ్మమ్మయితే ఆ పిడినే చేతికర్ర చేసుకుంటుంది. పిడి చేతికర్ర కాదని పెట్టె చేసినవాడు అంటాడు. నిజమే. కానీ నడుం ఎత్తున ఒక కర్ర నిలబెట్టి మనిషి చేతికిచ్చి, దాని మీద ఆనకు అంటే కుదురుతుందా?

ఆనినప్పుడు ఏమవుతుంది? మీట పిడి పైభాగాన ఉంటే అరచేతి బరువుకే నొక్కుకుపోతుంది. లేదా ఇందాక చెప్పాను చూడండి, రెండు పిన్నుల్లో ఒకటే పడి ఉంటుంది. సర్రున పిడి దిగిపోతుంది. పిడితోపాటు మనిషి. ముసలివాళ్లకి ఆ పడటం తుంటి ఎముక దాకా వెళ్లొచ్చు.

మరి ఎలా చెయ్యాలి? మీట పిడి పైన కాక అడుగున ఉంటే, వేళ్లు మడిచి కావాలని లాగితేనే పనిచేస్తుంది. లేదా మీటని గుంటలోకి దించి పెట్టాలి, బొటనవేలు పెడితే తప్ప అందకుండా. పిడి దభాలున పడకుండా గొట్టంలో కాస్త బిగువు ఉంచాలి. ఈమధ్య వంటింటి సొరుగులు చూడండి, ఎంత జోరుగా తోసినా చివర్లో వాటంతట అవే నెమ్మదించి మెల్లగా మూసుకుంటాయి. సొరుగుకి పట్టిన భాగ్యం సూట్‌కేసు పిడికి పట్టకూడదా?

ఒప్పుకోవలసింది ఒకటుంది. మీట గట్టిదైతే పిల్లలు నొక్కలేరు, మంచిదే. కానీ కీళ్లవాతం ఉన్న అమ్మమ్మా నొక్కలేదు. బిగువు ఎక్కువైతే పిడి పైకి రాదు. కంపెనీలవాళ్లు ఈ చిక్కు చూపించి చేతులెత్తేస్తారు. నేను పాఠాలు చెప్పినన్నాళ్లూ కుర్రాళ్లకి చెప్పింది ఒకటే. ఆ చిక్కు విప్పడానికే నాయనా ఇంజనీరు కావలసింది, లేకపోతే మేస్త్రీ చాలడూ! బలంతో కాకుండా వాటంతో తెరుచుకునే మీట చెయ్యొచ్చు. కొన్ని మందుసీసాలకి మూత నొక్కి తిప్పితేనే వస్తుంది. అమ్మమ్మకి వస్తుంది, పిల్లకి రాదు.

మెట్ల సంగతి చెప్పకపోతే ఈ మాట పూర్తికాదు. స్టేషన్‌లో పైవంతెన ఎక్కేటప్పుడు చూస్తుంటాను. నూటికి ఎనభైమంది అనను, లెక్కపెట్టలేదు గానీ, చాలామంది పెట్టెని ఆ పొడుగు పిడితోనే ఎత్తుతారు. పిడి లాగడానికి చేసింది. ఎత్తడానికి కాదు. పెట్టె బరువంతా ఆ రెండు చిన్న పిన్నుల మీద వేలాడుతుంది. చిల్లులు అరుగుతాయి, గొట్టం వంగుతుంది. ఒకరోజు మెట్ల మధ్యలో జారుతుంది. కింద మెట్టు మీద వచ్చేవాళ్లు ఎవరో! మెట్ల దగ్గర పిడి లోపలికి దించేయండి. పైనా పక్కనా కుట్టిన పట్టీలు ఉంటాయి, వాటితో ఎత్తండి.

సర్దడంలో కూడా ఒక కిటుకు ఉంది. బండి తోలినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఎడ్లబండిలో ముందు బరువెక్కువైతే కాడి ఎద్దు మెడ మీద పడుతుంది. వెనక బరువెక్కువైతే కాడి పైకి లేస్తుంది. ఇరుసు మీద బరువుంటే ఎద్దుకి హాయి. చక్రాల పెట్టె కూడా ఒక బండే. ఎద్దు మీరే. ఆవకాయ సీసాలు, పూతరేకుల డబ్బాలు, పుస్తకాలు, బరువైనవన్నీ చక్రాల వైపు, అంటే అడుగున సర్దండి. అప్పుడు పెట్టె వాల్చి లాగితే బరువు చక్రాలు మోస్తాయి, మణికట్టు కాదు. అన్నట్టు, ఆవకాయ సీసా మూత బిగించి పాలిథిన్ సంచిలో కట్టండి. నూనె గొట్టాల్లోకి దిగి, దుమ్ము కలిసిందంటే పిన్ను బంక పట్టి చిల్లులోకి రాదు. అప్పుడు ఆ రెండో టక్ వినపడదు.

కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. ఏలూరు బజారులో కొన్నా, తాడేపల్లిగూడెంలో కొన్నా, మనం ముందు రంగు చూస్తాం, తర్వాత బేరం ఆడతాం. ఈసారి రంగు కన్నా ముందు చెవి పెట్టండి. పిడిని పూర్తిగా లాగండి. టక్ అనాలి. ఇప్పుడు మీట ముట్టుకోకుండా, అరచేత్తో పిడి ఎడమకొస నొక్కండి. తర్వాత కుడికొస నొక్కండి. రెండు వైపులా నిలబడిందా? నిలబడితే రెండు పిన్నులూ పడ్డట్టు. ఒక వైపు దిగిందా? ఎంత తగ్గించి ఇస్తానన్నా వద్దు. తర్వాత గుంటలో ఒక పెన్సిలు పెట్టి, పిడిని కిందికి దించి చూడండి. మీ వేలు కాదు, పెన్సిలు. పెన్సిలు నలిగితే పిల్ల వేలూ నలుగుతుంది. దుకాణదారు విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఎంత జాగ్రత్తపడ్డా ఎప్పుడైనా వేలు నలిగితే, ముందు చల్లటి నీళ్ల కింద పట్టండి. ఉంగరం ఉంటే వాపు రాకముందే తీసెయ్యండి. ఐసుముక్క గుడ్డలో చుట్టి పెట్టండి. గాయం మీద కాఫీపొడి, సున్నం లాంటివి పెట్టకండి. వేలు వంకర పోయినా, వంగకపోయినా, మొద్దుబారినా, రక్తం ఆగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

నాకిచ్చిన సమయం అయిపోవచ్చింది. తాడేపల్లిగూడెంలో ఎన్ఐటి వచ్చింది 2015లో. అక్కడ మెకానికల్ చదివే పిల్లలు, చుట్టుపక్కల పాలిటెక్నిక్ పిల్లలు ఎవరైనా ఇది వింటుంటే ఒక మాట. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఏం చెయ్యాలా అని తలపట్టుకుంటారు కదా. రాకెట్లు తర్వాత చేద్దురుగాని. సెలవులకి ఇంటికి వెళ్లేటప్పుడు మీరు లాక్కెళ్లే పెట్టె ఉంది చూడండి, దాని పిడి విప్పి చూడండి. వేలు దూరకూడదు, దూరితే నలగకూడదు. అమ్మమ్మ నొక్కగలగాలి, మనవరాలు నొక్కగలగకూడదు. ఆనితే జారకూడదు. అలాంటిదొకటి చేసి పట్టుకొస్తే పెంటపాడులో ఒక ముసలి మేష్టారు మొదటి పెట్టె కొనుక్కుంటాడు.

అప్పటిదాకా నా తంటాలు నేను పడ్డాను. ఆ కనుమనాడే గుంట అడుగున రెండు మూలలా రెండు రబ్బరు దిమ్మలు అంటించాను. పాత సైకిలు టైరు ముక్కలు కోసి, పొరలు పొరలుగా అతికిస్తే ఒక్కొక్కటీ వేలెడు మందం వచ్చింది. కింద పిన్ను చిల్లులో పడదు, పిడి కాస్త ఊగుతుంది. మా అమ్మాయి చూడ్డానికి బాగాలేదంటుంది. ఉండకపోనీండి. మా మనవరాలి పెట్టె పిడి ఇప్పుడు పూర్తిగా లోపలికి దిగదు.